చల్లగదిలో నిలబడి చూసినవాళ్ళం

61వ రోజు
నీటి మట్టం 118.2 మీటర్లు. బయట ఎండ 46. జనం 214.

ఆడవాళ్ళ మరుగుదొడ్డిలో ఊక వేయకుండా పోతున్న మహాతల్లి ఎవరో ఈ రోజూ దొరకలేదు. గోడ మీద బొమ్మలు గీయించాను. తలుపు పక్కనే డబ్బా, డబ్బాలో చిప్ప పెట్టాను. పని అయ్యాక చిప్పెడు ఊక వేయమ్మా అంటే ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు. ఇక్కడ నీళ్ళు పోసి కడగడం ఉండదు, సిమెంటు ఉండదు. చెరువు ఒడ్డున ఏం కట్టినా నెల రోజుల్లో ఆనవాలు లేకుండా విప్పేసే వీలుండాలి. అది చెరువు కమిటీ నియమం. ఇంకో నియమం, కట్టిన మనిషే ఏడాదిపాటు దానికి కాపలా ఉండాలి, ఊడవాలి, రోజూ ఈ దస్త్రం రాయాలి. ప్రతి ఆదివారం సభలో దీన్ని పైకి చదువుతారు. ఏడాది గడిస్తేనే కట్టినవాళ్ళ పేరు గోడ మీద చెక్కుతారు. అంటే సువార్త అనే నేను ఇంకా మూడు వందల నాలుగు రోజులు ఊక మోయాలన్నమాట.

బోర్డు మీద 'నీలాంబరి సరస్సు' అని ఉంటుంది. ఆ పేరు బోర్డు దిగి రాలేదు. నలభై ఏళ్ళ కిందటిదాకా బొగ్గు తవ్విన గొయ్యి ఇది. మూడు కాలనీల జనానికి ఇది బొంద చెరువే.

నేను ఇక్కడ కట్టింది మూడే. మరుగుదొడ్లు, బొగ్గు మోసిన పాత బెల్టులతో నీడపందిరి, చల్లగది. జనం వచ్చేది చల్లగది కోసం. గని మట్టిగుట్ట వాలులో మనిషి లోతు తవ్వి, దిమ్మిస కొట్టి మట్టిగోడలు లేపి, పైన అవే బెల్టులు కప్పాను. చెరువు లోతుల్లోంచి చల్లటి నీళ్ళు పైపులో వచ్చి, గోడల వెంట తెరిచిన కాలువల్లో పారి, బయట జమ్ము మడిలో వడకట్టుకుని మళ్ళీ చెరువులో కలుస్తాయి. పంపు ఎండతోనే నడుస్తుంది. ఎండ ముదిరినకొద్దీ నీళ్ళు ఎక్కువ వస్తాయి, గది ఇంకా చల్లబడుతుంది. బయట నలభై ఆరుంటే లోపల ఇరవై ఏడు. ఈ ముక్క కాగితం మీద గీసిన రోజు నేను నిజంగానే గంతులేశాను.

మా అత్త ఎలీశమ్మ పొద్దున మొదటి బ్యాటరీ బండిలో దిగుతుంది. ఆమెకు డెబ్బై నాలుగు. గదిలో అన్నిటికన్నా పల్లపు మూల, కాలువ పక్కన, ఆమె తువ్వాల పరిచి ఉంటుంది. ఆ మూల చూపించింది నేనే. అన్నిటికంటే చల్లగా ఉండేది అదే.

"ఒక్క పూట గిట్ల నా పక్కన పండుకోరాదే పిల్లా. కాళ్ళకు చక్రాలు గట్టుకున్నట్టు తిరుగుతనే ఉంటవ్" అంది ఈ రోజు.

"నేను పండుకుంటే ఊక ఎవరు పోస్తరత్తా?"

"నువ్వు కట్టిన ఇల్లు నీకే పనికిరాదా?"

నాకు కూర్చుంటేనే కాళ్ళు జివ్వుమంటాయి, ఇంక పడుకోవడమా. నవ్వేసి కాలువలో నాచు తీయడానికి వెళ్ళాను.

68వ రోజు
మట్టం 117.3. ఎండ 47. జనం 239.

కింది ఊళ్ళ బావులెండిపోయాయని కమిటీ తూము తెరిచింది. చెరువు రోజుకు సగం జానెడు చొప్పున దిగుతోంది. జెట్టీ మెట్లు రెండు బయటపడ్డాయి. వాటికి తాడు కట్టడం, పాకుడు గీకడం, మళ్ళీ నేనే.

కాలువ నీళ్ళలో కొత్తగా బుడగలొస్తున్నాయి. పిల్లలు కాళ్ళు పెట్టుకుని 'సోడా కాలువ, సోడా కాలువ' అని ఒకటే గోల. కమిటీ అధ్యక్షురాలు భార్గవి మేడం వచ్చి వీడియో తీసుకున్నారు.

"ఇది డిజైన్‌లో భాగమేనా సువార్తా? చాలా బాగుంది. తొంభై ఏడో రోజున హరిత కట్టడాల జడ్జీలు వస్తున్నారు. ఇదే ముందు చూపిద్దాం."

లోతు నీళ్ళు పైకొస్తే ఒత్తిడి తగ్గి బుడగలు కట్టడం మామూలే అని చెప్పాను. నాకు తెలిసిన సంగతే కదా, గట్టిగానే చెప్పాను. మేడం వెళ్ళాక గది గోడలకున్న గాలి కొలిచే పెట్టెలు నాలుగూ తుడిచాను. నాలుగింటిలోనూ పచ్చ దీపమే. మళ్ళీ ఎందుకో వెనక్కి వెళ్ళి ఇంకోసారి చూసొచ్చాను.

75వ రోజు
మట్టం 116.4. ఎండ 48. జనం 251.

అత్త మొన్న బెల్లం మరమరాలు తింటూ నేల మీద ఒలకబోసింది. నేను చూసుకోలేదు. మూడు రోజులకు ఈ రోజు ఊడుస్తుంటే దొరికాయి. ఒక్క చీమ లేదు. పలుకు పలుకు అలాగే ఉంది.

"చూసినవా అత్తా, నా గదిల చీమ గూడ రాదు. అంత శుభ్రం."

"ఓ, నీ గొప్ప నీదే" అంది అత్త, ఆవులిస్తూ. పొద్దున పది కూడా కాలేదు, అప్పుడే నిద్ర.

నాకు మాత్రం స్థిమితంగా లేదు. కారణం చెప్పమంటే చెప్పలేను. పైపు బిగింపులు చూశాను, పంపు చూశాను, జమ్ము మడి చూశాను. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఇల్లు తాళం వేసి బయల్దేరాక పొయ్యి కట్టేశామా లేదా అని పీకుతుందే, రోజంతా అదే పీకుడు.

82వ రోజు
మట్టం 115.5. ఎండ 49. జనం 266.

మధ్యాహ్నం నిద్ర లేచినవాళ్ళలో పదిమందిదాకా తలనొప్పి అన్నారు. ఎండలో పడి వచ్చారు కదా అని మజ్జిగ పోయించాను. ఒకావిడకు మెట్లెక్కుతుంటే కాళ్ళు తేలిపోయాయి. పట్టుకుని కూర్చోబెట్టాను.

అత్త మాత్రం భలే హుషారుగా ఉంది. "మీ మామ వచ్చిండే కలల" అంది, సిగ్గుపడుతూ. "రోజూ వస్తుండు. ఈడ పండుకుంటేనే వస్తుండు, ఇంట్ల రాడు. టిఫిన్ డబ్బా చేతుల పట్టుకొని ఆ గోడకాడ నిలబడ్తడు."

మా మామను నేను చూడలేదు. నా పెళ్ళికి చాలా ముందే, మా ఆయనకు రెండేళ్ళున్నప్పుడు, భూగర్భ గనిలో చెడుగాలి తగిలి పోయాడు. ఆ గని కూడా ఇప్పుడు ఈ చెరువు కిందే ఎక్కడో ఉంది. నలభై నాలుగేళ్ళు అయింది. అత్త ఆయన గురించి ఎన్నైనా చెబుతుంది, ఎలా పోయాడన్నది తప్ప. అక్కడికి వచ్చేసరికి మాట మార్చేస్తుంది.

"ఇంట్ల ఎందుకు రాడత్తా?"

"ఇంట్ల నీ మొగుడు ఫోన్ జేసుడే సరిపాయె. ఆయనకు మాట్లాడ సందేది?"

మా ఆయన సముద్రపు ఒడ్డున గాలిమరల పనిలో ఉన్నాడు. పొద్దూ మాపూ ఫోన్. ఆమె అన్నదీ నిజమే. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

88వ రోజు
మట్టం 114.7. ఎండ 50. జనం 279.

అత్త లేవలేదు.

మూడు గంటలప్పుడు టీ తీసుకెళ్ళాను. పిలిచాను. భుజం తట్టాను. చెంప మీద నీళ్ళు చల్లాను. ఊపిరి వేగంగా ఆడుతోంది, ముఖం ఎర్రగా ఉంది, కళ్ళు మాత్రం తెరవదు. చంకల కింద చేతులేసి మెట్ల మీదుగా ఈడ్చుకుంటూ పైకి తెచ్చాను. నాతోపాటు ఎవరో కాళ్ళు పట్టారు, ఎవరో కూడా గుర్తులేదు. పందిరి కింద పడుకోబెట్టిన నాలుగు నిమిషాలకు కళ్ళు తెరిచి నన్ను తిట్టింది.

"ఎందుకు లేపినవే? మంచిగ మాట్లాడుతుండె గదా ఆయన."

కాలనీ ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చూసింది. ఎండదెబ్బ, వయసు, రక్తపోటు అంది. రేపట్నుంచి ఎండలో అస్సలు ఉంచవద్దు, చల్లగా ఉండేచోట పడుకోబెట్టమంది.

చల్లగా ఉండేచోటు నా దగ్గర ఉంది కదా. అదే మూల, అదే తువ్వాల. కింద ఇంకో దుప్పటి కూడా వేశాను.

పెట్టెలు చూశాను. పచ్చ. పచ్చ. పచ్చ. పచ్చ.

93వ రోజు
మట్టం 114.1. ఎండ 50. జనం 281.

రేపు ఎర్ర రోజు అని సైరన్ మోగించారు. ఎర్ర రోజున బయట పని నిషేధం. కరెంటు కోతలో ఇళ్ళల్లో కూడా ఉండలేరు. మూడు కాలనీలకూ చల్లగదే దిక్కు. ఊక, మంచినీళ్ళు, మజ్జిగ, అన్నీ రెట్టింపు పెట్టించాను. అటూ ఇటూ తిరుగుతుంటే చెప్పుల స్టాండు దగ్గర ఓదెలు మామ పిలిచాడు.

ఓదెలు మామకు ఎనభై దగ్గర. ఒకప్పుడు గని సర్దార్. కూలీల కంటే ముందు గనిలోకి దిగి గాలి ఎలా ఉందో చూసి, గోడ మీద తేదీ, పేరు రాయడం సర్దార్ పని. మా మామ ఆయన చేతి కింద పనిచేశాడు. ఇప్పుడు చెప్పులు తీసుకుని ఇత్తడి బిళ్ళలిస్తాడు. తొంభై రోజులుగా గది గుమ్మం దగ్గరే కూర్చున్నాడు కానీ ఒక్కసారి కూడా లోపలికి దిగలేదు. నేల కింద గదులు నాకు పడవు బిడ్డా అంటాడు.

"ఎలీశవ్వ వదినెకు ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది మామా. నాకే మనసు మనసుల లేదు. ఏందో తెలుస్తలేదు."

ఏం చూశావో అన్నీ చెప్పమన్నాడు. చెప్పాను. తలనొప్పులు, సోడా బుడగలు, అత్త నిద్ర. మరమరాలకు చీమలు పట్టలేదన్న మాట నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. చేతిలో బిళ్ళలు బల్ల మీద పెట్టేశాడు.

"చీమలు ఎన్నొద్దుల సంది లేవు?"

"తెల్వది."

"నీ మిషిన్ ఏడ పెట్టినవ్?"

"గోడకు. నా రొమ్ము ఎత్తుల. గంతే ఎత్తుల పెట్టాలని రూలున్నది మామా."

"పండుకునేటోళ్ళ ముక్కు ఏడుంటది బిడ్డా?"

కమిటీవాళ్ళు తనిఖీకి వచ్చిన ప్రతిసారీ నిలబడి చూశారు. నేను రోజుకు నలభైసార్లు వెళ్ళాను, నిలబడే చూశాను. ఈ ఊళ్ళో వేసవి మధ్యాహ్నం చల్లటి నేల కనిపిస్తే ఎవరైనా చేసే మొదటి పని తువ్వాల పరుచుకుని ఒరగడం. అది నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. గీసినప్పుడు మాత్రం నిలబడిన మనిషినే గీశాను.

"మీ మామ పోయిన్నాడు గూడ గిదే" అన్నాడు ఆయన. "అందరం నిలబడే చూసినం. దీపం మంచిగనే వెలిగింది. తేదీ రాసిన, పేరు రాసిన, పొండి అన్న. తినే యాళ్ళకు ఆయన పోయి మూలకు గోడకు ఒరిగి కూసున్నడు. చెడుగాలి బరువుంటది, కిందనే ఉంటది. కూసున్నోడు కూసున్నట్టే..."

రేపు పొద్దున గాలి పరీక్షించే గని దీపం తెస్తానన్నాడు. మిషన్లు వచ్చాక కూడా తన గురువు ఇచ్చిన ఆ పాత దీపం లేకుండా ఆయన గనిలోకి దిగేవాడు కాదట. ఈలోగా అందర్నీ బయటికి పంపేసి పంపు కట్టేశాను. సాయంత్రం కదా, ఎండ వాలింది, ఎవరూ అడగలేదు.

94వ రోజు
మట్టం 113.9. ఎండ 51. జనం 288.

ఇది సభలో చదివేటప్పుడు ఏ ముక్కా వదలకుండా చదవాలని నా మనవి.

గది తెరవకూడదనే అనుకున్నాను. తొమ్మిదికల్లా రెండు వందల మంది గుమ్మం ముందు నిలబడ్డారు. పసిపిల్లలు, బాలింతలు, ముసలివాళ్ళు. ఓదెలు మామ ఇంకా రాలేదు. పెట్టెలు పచ్చ చూపిస్తున్నాయి. ఒక ముసలాయన నా ఎదురుగానే కూలబడ్డాడు. తలుపు తీశాను. పంపు వేశాను. రాత్రంతా ఆగి ఉంది కదా, దీపం వచ్చేలోగా ఏమీ కాదులే అనుకున్నాను. అది నా రెండో తప్పు. అత్త అందరికంటే ముందు దిగి తన మూలకు వెళ్ళింది. వెళ్తుంటే ఆపాను.

"అక్కడొద్దత్తా, ఈ మెట్ల మీద కూసో."

"మెట్ల మీద కూసుంటే ఆయన వస్తడా?" అని నా చెయ్యి విదిలించుకుంది. ఇంతలో మంచినీళ్ళ దగ్గర తోపులాట అని అరిచారు, నేను పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి పదకొండు దాటింది. అందరూ పడుకుని ఉన్నారు. గదిలో చడీచప్పుడు లేదు, నీళ్ళ శబ్దం ఒక్కటే.

అప్పుడు వచ్చాడు ఓదెలు మామ. తీగ జల్లెడ చుట్టిన చిన్న దీపం, నా బొటనవేలంత మంట. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, నా భుజం పట్టుకుని మెట్లు దిగాడు. రొమ్ము ఎత్తులో పట్టుకున్నాడు. మంట నిటారుగా వెలిగింది. నడుము దగ్గరికి దించాడు, అలాగే ఉంది. మోకాలి దగ్గర మంట పొట్టిదైంది. పడుకున్నవాళ్ళ తలల మధ్య నేలకు ఆనించేసరికి మంట మినప్పప్పు బద్దంత మిగిలింది. అత్త మూల దగ్గర, కాలువ లోపలికి దించాడు. దీపం ఆరిపోయింది. గాలి వీచలేదు, ఎవరూ ఊదలేదు.

"లేవుండ్రి!" అని అరిచాను. "అందరు లేవుండ్రి! పిల్లల్ని ముందుగాల ఎత్తుకోండి! కూసోవద్దు, నిలబడుండ్రి!"

"ఇప్పుడే కన్నంటుకున్నది, ఏందమ్మా నీ లొల్లి" అని ఒకాయన దుప్పటి కప్పుకోబోయాడు. దుప్పటి లాగి అవతల పారేశాను. కొందరు లేచి తూలారు. ఒకామె వాంతి చేసుకుంది. అత్తను లేపితే లేవలేదు, పిలిస్తే పలకలేదు. ఇద్దరు మగవాళ్ళు ఆమెను చేతుల మీద ఎత్తుకుని మెట్లెక్కారు. నేను పంపు కట్టేసి, ప్రతి మూలా వెతికి, ఆఖరున బయటికి వచ్చాను. ఒకటికి రెండుసార్లు తలలు లెక్కపెట్టాను. రెండు వందల ఎనభై ఎనిమిది.

ఇంక అసలు గండం అప్పుడు మొదలైంది. బయట యాభై ఒకటి. బెల్టు పందిరి కింద నూట యాభై మందికి మించి పట్టరు. గోనెసంచులు తడిపి కప్పాం, ముసలివాళ్ళనూ పిల్లల్నీ మధ్యలో కూర్చోబెట్టాం. అత్తకు ఊపిరి ఆడుతోంది కానీ స్పృహ లేదు. అంబులెన్స్ వచ్చి ఆమెనూ, ఇంకో ముగ్గురినీ తీసుకెళ్ళింది. వెంట వెళ్ళలేకపోయాను. ఒక ముసలామె నా కొంగు పట్టుకుని అడిగింది, "మమ్ముల ఎండల సంపుతవా, గదిల సంపుతవా?"

నిలబడి ఈ దస్త్రం మొదటి పేజీ నుంచి తిప్పాను. అరవై ఒకటో రోజు మట్టం 118.2. ఈ రోజు 113.9. నేను నా చేత్తోనే రోజూ మొదటి వరుసలో రాసిన అంకె. నా పైపు జెట్టీ చివర తెప్పకు వేలాడుతుంది, పొడవు అరవై మీటర్లు. చెరువు దిగితే తెప్ప దిగుతుంది, తెప్పతో పాటు పైపు మూతి కూడా దిగుతుంది. చెరువు అడుగున చెడుగాలి కరిగిన నీళ్ళు ఒక పొరగా పేరుకుని ఉంటాయని, ఆ పొర ఇదే మట్టం లెక్కలో యాభై అయిదో మీటరు దగ్గర మొదలవుతుందని సర్వేలో ఉంది. మొదట్లో పైపు మూతి దానికి మూడు మీటర్ల పైన ఉండేది. దగ్గరయ్యేకొద్దీ పంపు ఆ పొర అంచును ముందు నుంచే గుంజి ఉంటుంది, ఇప్పుడు మూతే మీటరు లోపలికి దిగింది. ఎండ ముదిరినకొద్దీ నా పంపు ఆ నీళ్ళను ఇంకా గట్టిగా తోడి, మనిషి లోతు గొయ్యిలో, పడుకున్నవాళ్ళ ముక్కుల దగ్గర పోసింది. ఎంత తెలివిగా కట్టాను!

ఓపిక ఉన్నవాళ్ళను జెట్టీ మీదికి రమ్మన్నాను. నలభై మందికి పైగా వచ్చారు. తలలకు తడి తువ్వాళ్ళు చుట్టుకుని, వరసగా నిలబడి, పైపును చేతుల మీద లాగారు. ఓదెలు మామ తడి గోనె కప్పుకుని స్టాండు దగ్గర కూర్చునే "ఓ... హై!" అని పాత గని కేక పెడితే, అందరూ ఆ కేకకు ఒక్క ఊపులో గుంజారు. పన్నెండు మీటర్లు పైకి తెచ్చి తాడుతో బిగించాం. ఆ నీళ్ళు అంత చల్లగా ఉండవు. ఉండకపోతే ఉండకపోనీ.

తర్వాత గోడ. గదిలో నిండిన గాలి బయటికి పోవాలంటే చెరువు వైపు గోడకు నేలమట్టంలో కన్నాలు పెట్టాలి. అటువైపు వాలు, బరువు గాలి దానంతటదే జారిపోతుంది. గడ్డపార తెప్పించాను. మొదటి పోటు నేనే వేశాను. ఆ గోడ దిమ్మిస కొట్టి లేపడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. నెల రోజుల్లో విప్పేసే వీలుండాలన్న నియమం ఉండబట్టి సిమెంటు వేయలేదు, ఇనుము పెట్టలేదు. ఇరవై నిమిషాల్లో ఆరు కన్నాలు పడ్డాయి. ఏడుపొచ్చింది. గోడ కోసమా, అత్త కోసమా అంటే రెండిటికీ.

గంట తర్వాత ఓదెలు మామ దీపం నేల మీద పెట్టాడు. వెలిగింది. కాలువలో పెట్టాడు. వెలిగింది. నూరు లెక్కపెట్టాం. అప్పుడు సుద్దముక్కతో గోడ మీద తేదీ వేసి, సుద్ద నా చేతికిచ్చాడు.

"పేరు రాయి. చూసినోళ్ళు రాయాలె."

జనాన్ని లోపలికి పంపాను. ముప్పై మూడు డిగ్రీలు. "ఇది చల్లగదా, ఉక్కగదా?" అని ఎవరో సణిగారు. సణగనీ.

95వ రోజు
మట్టం 113.8. ఎండ 49. జనం 190.

ఆసుపత్రిలో అత్త కళ్ళు తెరిచింది. మిగతా ముగ్గురూ ఇంటికెళ్ళారు. దేవా, నీకు స్తోత్రం.

భార్గవి మేడం వచ్చి కన్నాలు చూసి అరుగు మీద కూలబడ్డారు. "ఎల్లుండి జడ్జీలు సువార్తా. సెన్సార్లు నిబంధన ప్రకారమే పెట్టారు కదా, మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. దస్త్రంలో సాంకేతిక లోపం అని రాసేయండి, సరిపోతుంది. లేకపోతే గోడ మీద మీ పేరు రాదు. నియమం మీకు తెలుసు."

తెలుసు. ప్రాణాల మీదికి తెచ్చిన కట్టడం మీద కట్టినవాళ్ళ పేరు చెక్కరు. కాబట్టి విడమరిచి రాస్తున్నాను. ఈ గదిలో లోపం సాంకేతికం కాదు. పడుకునే జనం కోసం గది కట్టి, నేను అందులో ఒక్కసారి కూడా పడుకోలేదు. పడుకోమని మా అత్త రోజూ పిలిచింది.

మేడం ఈ పేజీ నా భుజం మీదుగా చదివారు. వెళ్తూ వెళ్తూ పెట్టెలు నాలుగూ విప్పించి, జానెడు ఎత్తులో మళ్ళీ బిగించమని మనుషుల్ని పంపారు.

97వ రోజు
మట్టం 113.6. ఎండ 48. జనం 231.

జడ్జీలు వచ్చారు. కన్నాలెందుకని అడిగారు, చెప్పాను. మర్యాదగా మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. ఊక వేయకుండా పోతున్న మహాతల్లి దొరికింది. నర్సమ్మ!

104వ రోజు
మట్టం 113.1. ఎండ 47. జనం 226.

కమిటీ తూము సగానికి మూసింది. పైపు తాడుకు కొలత గుర్తులు కట్టాను. మట్టం ఎంత దిగితే అంత లాగడమే.

అత్త ఈ రోజు మళ్ళీ వచ్చింది. వద్దంటే వినలేదు. దీపం పట్టుకుని నేనే ముందు దిగాను. నేల మీద పెట్టి నూరు లెక్కపెట్టి, గోడ మీద తేదీ, పేరు రాశాను. నేలకు జానెడు ఎత్తులోనే రాస్తున్నాను.

"గంత కింద రాస్తరా ఎవరన్న?"

"పండుకునేటోళ్ళకు కనబడాలె గదత్తా."

ఆమె తన మూలకు వెళ్ళి తువ్వాల పరుచుకుంది. గంటసేపు కళ్ళు మూసుకుని ఉంది. నేను పక్కనే గొంతుక్కూర్చున్నాను. ఊపిరి చూస్తూ, వేళ్ళు చూస్తూ. చివరికి కళ్ళు తెరిచి పైకప్పు వైపు చూసింది.

"గాలి మంచిగైంది పిల్లా. కానీ ఆయన వస్తలేడు."

క్షమించత్తా అన్నాను. అంటుండగానే ఏడ్చేశాను.

"ఏడ్వకు. ఒకటి చెప్త విను." నా చెయ్యి తీసుకుంది. "నలభై నాలుగేండ్ల సంది నాకు ఒక్కటే రంది. ఊపిరాడక ఎంత తన్లాడిండో, ఎవ్వరిని పిలిచిండో, నా పేరు గూడ పిలిచిండో ఏమో అని. ఎవ్వరినీ అడగలే. అడిగితే చెప్తరని భయం. ఇప్పుడు ఎర్కైంది. ఏం నొప్పి ఉండదు పిల్లా. చల్లగుంటది. కండ్లు మూతపడ్తయి. గంతే. ఆయనకు గూడ గంతే అయి ఉంటది."

పైన ఓదెలు మామ ఎవరికో బిళ్ళ ఇస్తున్న చప్పుడు వినిపించింది. అత్త పక్కకు జరిగి తువ్వాల సగం నాకు వదిలింది.

"ఇగ పండుకో. తిరిగినకాడికి చాలు."

పడుకున్నాను. నేల నేననుకున్నంత చదునుగా లేదు, వీపు కింద ఒక గడ్డ గుచ్చుకుంటోంది. రేపు చెక్కించాలి. పైకప్పు బెల్టుల మధ్య సన్నని వెలుతురు గీత ఒకటి ఉందని ఇన్నాళ్ళకు చూశాను. దీపం మా ఇద్దరి తలల మధ్య నిటారుగా వెలుగుతోంది. ఈ రోజు దస్త్రం పడుకునే రాశాను. అక్షరాలు వంకరపోయాయి, సభలో చదివేవాళ్ళు సర్దుకోవాలి.